తల వంచుకుని ఇచ్చిన పాస్

మొన్న సాయంత్రం మైదానంలో, కొత్తగా చేరిన ఒక పిల్ల తల కిందికి వేసుకుని బంతి కొట్టుకుంటూ పోతోంది. బాస్కెట్‌బాల్ నేర్పేవాళ్లకు ఇది కంట్లో నలుసు. బంతినే చూస్తూ బంతి కొట్టేవాళ్లకు ఎదురుగా ఎవరున్నారో, పక్కన ఎవరు ఖాళీగా ఉన్నారో కనబడదు. నేర్పేది నేనే కాబట్టి అరవాలి. నోరు తెరిచాను కూడా. "తలెత్తు" అనే మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఈ మైదానంలో ఎన్నేళ్లు, ఎంత గట్టిగా, ఎంత వృథాగా వినబడిందో గుర్తొచ్చింది. పిల్ల బంతి చంకన పెట్టుకుని, ఏం తప్పు చేశానో అన్నట్టు నిలబడింది. "ఏం లేదు పాపా, ఆడుకో పో" అన్నాను. ఆ పూట ఇంకేం నేర్పానో నాకు తెలియదు. మనసంతా పొడుగక్క మీదే ఉంది.

ఆమెకు పేరు లేక కాదు. గుంతకల్లులో ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఆఫీసులో, క్వార్టర్స్‌లో, మైదానంలో, చివరికి స్టేషన్ బయట టీ కొట్టులో కూడా పొడుగక్కే. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆమెకు ఎప్పుడూ ఇష్టం లేదు. ఇప్పుడు మాత్రం నేనెందుకు రాయాలి?

తొంభైల చివర్లో మమ్మల్ని కొందరు ఆడపిల్లల్ని రైల్వేలో ఆట కోటా కింద తీసుకున్నారు. మనవైపు ప్రొఫెషనల్ ఆటగాళ్లంటే అదే మరి. జీతం ఆఫీసు ఇస్తుంది, చేసే పని ఆట. పొద్దున కాసేపు ఫైళ్లు మోసి, మధ్యాహ్నానికి బూట్లు కట్టుకోవాలి. నేను రైల్వే గార్డు కూతుర్ని, క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని, నోరు పెద్దది. ఆమెది వజ్రకరూరు అవతల ఒక పల్లె. మొదటిరోజు ఆఫీసు గుమ్మంలోకి ఆమె ఒంగి వచ్చింది. ఆ గుమ్మం రైల్వే వాళ్లు కట్టింది, ఏనుగు పట్టేంత ఎత్తుంటుంది. అయినా ఒంగింది. "అక్కా, తగల్దులే, నిలబడే రా" అన్నాను నవ్వుతూ. "ఇంట్లో తగుల్తాది గదా, అలవాటు" అంది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్ని స్టేడియాల్లో ఆడినా, ఆమె ప్రతి గుమ్మానికీ ఒంగింది.

గుమ్మాల సంగతి సరే. మైదానంలో కూడా తల దించుకునే ఉండేది. అదే మా సార్‌కు ప్రాణసంకటమైంది.

సార్‌ది గుంటూరు వైపు. మాకు ఆట నేర్పడానికి వచ్చి, మా ఎండలను, మా నీళ్లను, మా భాషను తిట్టుకుంటూనే ఇక్కడ ఉండిపోయినవాడు. ఆయన మైదానం అంచున నిలబడి, "తలెత్తవే! కింద ఏం పోగొట్టుకున్నావే, అంత వెతుకుతున్నావ్?" అని అరిచేవాడు. పొడుగక్క ఒక్క నిమిషం తలెత్తేది. మళ్లీ తల దానంతటదే కిందికి వాలిపోయేది. ఆయన అడిగినదానికి నిజంగా జవాబు ఉందని ఆయనకు చాలాకాలం తెలియదు. నాకు ఆమె ఒకరోజు చెప్పింది.

వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి వాన పడితే జనం రెండుగా చీలిపోతారు. కొందరు అటక మీదనుంచి విత్తనాల సంచి దింపుతారు. కొందరు రాళ్లకు పోతారు. వాన నీళ్లకు పైమట్టి కొట్టుకుపోతే కింద ఉన్న వజ్రం బయటపడుతుందని, ఎప్పుడో ఎవరికో దొరికినట్టు తమకూ దొరుకుతుందని, చేనంతా ఒంగి నడుస్తారు. కళ్లు నేల మీదనుంచి ఎత్తరు. ఏదైనా మెరిస్తే తీసి, టువాలుకు తుడిచి, ఎండకు పట్టి చూస్తారు. గాజుపెంకు అయితే పారేసి మళ్లీ ఒంగుతారు. పొడుగక్క నాయన ఈ రెండో రకం. ఆమెకు నడక వచ్చినప్పటినుంచీ వెంట తీసుకుపోయేవాడట. చిన్నపిల్లల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయని ఆయన లెక్క.

"మళ్ల నేను ఇంత పొడుగైతి. నేలకు దూరమైపోతిని. ఇంగ నాయనకు పనికిరాలే" అని నవ్వేది. ఆమె పొడుగయ్యాక బడిలో ఆటల అయ్యవారి కంట్లో పడింది. అలా బంతి చేతికొచ్చింది. కానీ చూపు మాత్రం అక్కడే, చేలో, ఉండిపోయింది.

ఆమె ఇచ్చిన మొదటి పాస్ నా ముక్కుకు తగిలింది. దాచుకునేదేముంది, రక్తం కూడా కారింది. నేను రింగు పక్కన నిలబడి ఆమె ముఖం వైపే చూస్తున్నాను. ఆమె నేల చూస్తోంది. నా వైపు చూడలేదు, చెయ్యి అటు తిప్పినట్టు కూడా లేదు. బంతి మాత్రం వచ్చి పడింది. అవతలి జట్టు పిల్ల కూడా నాలాగే నోరు తెరిచి చూసింది. ఆట ఆపి, నా ముక్కుకు తడిగుడ్డ పెడుతూ పొడుగక్క చెప్పింది: "నా మొగం సూడొద్దు మ్మే. చేతులు తెరిసి పెట్టుకో. బంతి వచ్చాది."

తర్వాత ఎన్నేళ్లు కలిసి ఆడినా ఆమె నాకు చెప్పిన విద్య అదొక్కటే. చేతులు తెరిసి పెట్టుకో.

"కిందికి సూస్తాంటే మేం యాడుండామో నీకెట్ల తెలుస్తాదక్కా?" అని అడిగాను. "కాళ్లు కనపడతాయి గదా" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "మొగం అటు తిప్పి ఇటు పోతారు మీరంతా. కాళ్లు యాటు తిరిగింటే అటే గదా పోయేది." మా అందరి బూట్లూ ఆమెకు తెలుసు. అవతలి జట్టు వాళ్ల బూట్లు ఆట మొదలైన కాసేపటికే గుర్తుపట్టేసేది. మామూలుగా పాస్ ఇచ్చేవాళ్లు ఇచ్చే ముందు కన్ను అటు వేస్తారు. అడ్డుకునేవాళ్లు ఆ కన్నునే కనిపెట్టి చెయ్యి అడ్డం పెడతారు. పొడుగక్క కన్ను ఎవరికీ దొరికేది కాదు. సార్ రెండు మూడేళ్లు అరిచి అరిచి, చివరికి ఒకరోజు విజిల్ జేబులో పెట్టుకుని, "నీ ఇష్టం వచ్చినట్టు చావు. ఆ బంతి మాత్రం అలాగే ఇవ్వు" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఆట మొదలయ్యే ముందు బంతిని తన బనీను అంచుతో శుభ్రంగా తుడిచి, రెండు చేతులతో వెలుతురుకు పట్టి ఒక్క క్షణం చూసేది. "వజ్రమా అక్కా?" అని మేం ఆటపట్టించేవాళ్లం. "పెంకే" అనేది. అది మా జట్టు మామూలైపోయింది. ఎవరో ఒకరం వజ్రమా అనకపోతే, ఆమె పెంకే అనకపోతే, ఆట మొదలైనట్టు ఉండేది కాదు.

నీళ్లంటే మరీ పట్టింపు. ఆట విరామంలో మేం సగం తాగి సగం నెత్తిన పోసుకుంటే ఆమె ముఖం మాడిపోయేది. ఏమీ అనేది కాదు. మేం వదిలేసిన సీసాలన్నీ ఏరుకుని, అడుగున మిగిలిన నీళ్లను మైదానం మూలనున్న కానుగ మొక్కకు పోసేది. వేరే ఊళ్లకు ఆడబోతే అక్కడా ఏదో ఒక మొక్కను వెతుక్కునేది. నీళ్లకు కరువే లేని కోస్తా ఊళ్లో కూడా అంతే. ఆ ఊరివాళ్లు వింతగా చూస్తే మాకు సిగ్గేసేది.

పేపర్లో నా పేరు వచ్చేది. బంతి రింగులో వేసినవాళ్ల పేర్లే పేపర్లో వేస్తారు, అందించినవాళ్ల పేర్లు వేయరు. నేను ఆ ముక్కలు కత్తిరించి ట్రంకు పెట్టె మూతకు అంటించుకునేదాన్ని. అవి చూసి పొడుగక్క నాకంటే ఎక్కువ సంబరపడేది. తనకు దక్కాల్సింది దక్కలేదన్న బాధ ఆమెలో నాకెప్పుడూ కనబడలేదు. ఒక్క విషయంలో తప్ప. అది నాయన విషయం.

వాళ్ల నాయనకు కూతురు ఆడి జీతం తెచ్చుకుంటోందంటే నమ్మకం లేదు. "బంతి ఎగరేస్తే జీతమెవురిస్తారే? ఆపీసులో కసువు ఊడ్పిస్తాండారేమో, సిగ్గుపడి చెప్పలేకుండా ఉండావు. చెప్తే ఏమవుతాది?" అనేవాడట. గుంతకల్లుకు వచ్చినా మైదానం దాకా వచ్చేవాడు కాదు. ఈ మాట చెప్పేటప్పుడు పొడుగక్క నవ్వబోయేది, నవ్వు సరిగా వచ్చేది కాదు. "ఇండియా అని రాసిన బనీను ఒకటి తొడుక్కోని ఊర్లో బస్సు దిగల్ల. అప్పుడన్నా నమ్ముతాడు" అనేది. ఆమె ఆశంతా అదే. దేశం తరఫున ఆడాలని నాకూ ఉండేది, కానీ నా ఆశలో పేపర్లు, ఫొటోలు, దండలు ఉండేవి. ఆమె ఆశలో ఊరి బస్సు స్టాపు ఉండేది, నాయన ఉండేవాడు.

ఆయన మాట మీద ఆమెకూ నమ్మకం లేదు. అక్కడే ఉంది చిక్కంతా.

మా జిల్లాలో వాన ఎలా పడుతుందో తెలియనివాళ్లకు ఇది చెప్పాలి. పడితే ఒకసారి పడుతుంది. ఆ తడి, పదును అంటాం, ఎర్రనేలలో రెండు మూడు రోజులు నిలవడం కష్టం. ఆ లోపల వేరుశనగ వేస్తే వేసినట్టు, లేకపోతే ఆ ఏడు చేను బీడే. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ల నాయన రాళ్లకు పోయేవాడు. మొదటి వానకే కదా నేల కడిగేది! విత్తనం వేసేది ఎవరు మరి? అమ్మ ఒక్కతే ఎద్దులను తోలలేదు. అందుకని వాన పడిందని తెలిస్తే చాలు, మర్నాడు ప్రాక్టీసులో పొడుగక్క ఉండదు. విత్తే గొర్రు కట్టి, ఆరడుగుల మనిషి, ఎద్దుల వెనక నడిచి, అమ్మ గింజలు వదులుతుంటే చేనంతా విత్తి, మళ్లీ మూడో రోజుకు గోళ్లలో ఎర్రమట్టితో మైదానంలో ఉండేది. "వానొస్తే ఊళ్లో అందరూ సంతోషపడతారు, నాకు మాత్రం జట్టు విరిగిపోతుంది" అని సార్ తల పట్టుకునేవాడు. పొడుగక్క ఒక్కసారి కూడా నాయనను తిట్టగా నేను వినలేదు. "ఆయప్పకు అదొక పిచ్చి" అనేది, అంతే.

ఇండియా క్యాంపుకు పిలుపు వచ్చింది ఇలాంటి తొలకరి రోజుల్లోనే. మా జట్టు మొత్తంలో ఆమెకే వచ్చింది. దూరపు ఊళ్లో క్యాంపు, ఫలానా రోజు పొద్దున ఎనిమిదికి మైదానంలో హాజరు కావాలి. రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. సార్ మా అందరికీ మైసూరుపాకు పంచాడు. తన జేబులోంచి తీసి పంచడం అదే మొదలు, అదే ఆఖరు. ఆమె కాలికి సరిపోయే ఆడవాళ్ల బూట్లు గుంతకల్లులో దొరకవు, ఎప్పుడూ మగవాళ్లవే వేసుకునేది. ఈసారి సార్ బెంగళూరు నుంచి కొత్త బూట్లు తెప్పించాడు. తెల్లవి.

వెళ్లడానికి వారం ముందు ఆమె టెలిఫోన్ బూత్‌లోంచి ముఖం వెలిగిపోతూ బయటికి వచ్చింది.

"నాయన ఏమన్నాడో తెలుసునా? ఈ తూరి వాన పడితే నేనే గొర్రు కడతా, నువ్వు నిమ్మళంగా పో అన్నాడు."

"నమ్ముతావా?" అన్నాను.

"మాటిచ్చినాడు" అంది. మళ్లీ నేల చూసింది.

ప్రయాణం ముందురోజు సాయంత్రం వాన పడింది. ఆ ఏడాది అంతటి వాన మళ్లీ చూడలేదు. పొద్దున నేను ఆమెతో స్టేషన్‌కు వెళ్లాను. ఆమె భుజాన సంచి, సంచిలో కొత్త బూట్లు. ప్లాట్‌ఫారం మీద ఉరవకొండ వైపు నుంచి వచ్చిన రైతులు కొందరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పొడుగక్క వాళ్ల దగ్గరికి పోయి, "ఏమన్నా, వజ్రకరూరు తావ పడిందా?" అని అడిగింది.

"మా బాగా పడింది పాపా. జనమంతా తెల్లారకముందే రాళ్లకు పడినారు. చేన్లల్లో జాతర మాదిరుండాది" అన్నాడు ఒకాయన.

ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. రైలు వస్తోందని చెప్పారు. రైలు వచ్చింది కూడా. నేను సంచి అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"పదును పోతాది మ్మే" అంది.

"మీ నాయన ఏస్తానన్యాడు గదక్కా!"

"అన్యాడు. ఎన్నితూర్లు అనలేదు?"

నేను తిట్టాను. బతిమాలాను. చెయ్యి పట్టుకుని రైలు పెట్టె వైపు లాగాను, ఆమెను లాగడం నా వల్ల అయ్యే పనా! ఈ రైలు పోతే రేపు పొద్దున అక్కడుండే దారే లేదని ఇద్దరికీ తెలుసు. రైలు కదిలింది. ఆమె తలవంచుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి బస్టాండు వైపు తిరిగింది. కోపంతో నేనూ వెంటపడి అదే బస్సు ఎక్కాను. దారి పొడవునా నేను మాట్లాడుతూనే ఉన్నాను.

ఊరి ముందర బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆ రైతు చెప్పింది నిజమే. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో మనుషులు, ఆడా మగా, ఒంగి, నేలకు కళ్లు అతికించి నడుస్తున్నారు. పొడుగక్క రోడ్డు మీద నిలబడి వాళ్లలో ఒక్కొక్కరినే చూసింది. నాయన కోసం. అక్కడ లేడు. ఇంకో చేలో చూసింది. అక్కడా లేడు. "ఇంగా లోపలికి పోయింటాడు" అని గొణుక్కుంది. అలా చూసుకుంటూనే వాళ్ల చేను దాకా వచ్చాం.

ఆయన అక్కడున్నాడు. ఎద్దుల వెనక, గొర్రు పట్టుకుని, మోకాళ్ల దాకా మట్టితో. వెనక వాళ్లమ్మ గింజలు వదులుతోంది. సగానికి పైగా విత్తడం అయిపోయింది.

కూతుర్ని చూసి ఎద్దులను ఆపాడు. "నువ్వేమ్మే, ఈడ?" అన్నాడు.

పొడుగక్క విత్తిన సాళ్ల వైపు చూసింది. తర్వాత, "సెలవిచ్చినారు నాయనా" అంది. సంచి గట్టు మీద పెట్టి, ప్యాంటు పైకి మడిచి, ఆయన చేతిలోంచి గొర్రు తీసుకుంది. ఆయన ఇంకేం అడగలేదు. సంచి మూతిలోంచి కనబడుతున్న తెల్ల బూట్ల వైపు ఒకసారి చూసి, పక్కకు జరిగాడు. మిగతా చేను ఆమె విత్తింది. గట్టు మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎవరి మీద ఏడవాలో తెలియక, అందరి మీదా ఏడ్చాను.

పొద్దు వాలకముందే తిరుగు బస్సు ఎక్కాం. ఆమె ముఖంలో దుఃఖం కోసం చూశాను. లేదు. కిటికీ దగ్గర కూర్చుని, మెడ బయటికి పెట్టి, వెనక్కి తిరిగి ఆ చేను వైపే చూస్తోంది. "సూసినావు గదా మ్మే? నాయన రాళ్లకు పోలే. ఊరంతా పోయినా పోలే. ఏస్తాండాడు. నువ్వే సాక్షి" అంది. చేను కనుమరుగయ్యాక కూడా అలాగే కూర్చుంది. ఆమె అంతసేపు తలెత్తుకుని ఉండగా నేను చూడటం అదొక్కసారే. అప్పుడు నాకు ఆమె మీద ఇంకా కోపమొచ్చింది. దేశానికి ఆడే అవకాశం పోగొట్టుకుని, ఎద్దులు తోలిన నాయనను చూసి మురిసిపోయే మనిషిని ఏం చేయాలి?

సార్‌తో నేనే చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. బెంచీ మీద కూర్చుని చాలాసేపు కానుగ మొక్క వైపు చూసి, "మీ సీమలో వాన కూడా శత్రువే" అన్నాడు. ఆ ఏడు వేరుశనగకు ఊడలు దిగే సమయానికి చుక్క పడలేదు. పైరు ఎండి పశువుల మేతకు పోయింది. క్యాంపు పిలుపు మళ్లీ రాలేదు.

ఆ తర్వాత ఆమె ఇంకొన్నేళ్లు ఆడింది. మంచి ఆటే ఆడింది. తలవంచుకుని బంతులు ఇస్తూనే ఉంది, నా పేరు పేపర్లో వస్తూనే ఉంది. ఒక పోటీలో మోకాలు మెలితిరిగింది. ఇంకొన్నాళ్లు పట్టీ కట్టుకుని ఆడి, ఆడలేక మానేసింది. ఆడటం మానేస్తే ఆట కోటా మనిషి అందరిలాంటి ఉద్యోగే. పార్సిల్ ఆఫీసులో వేశారు. సాయంత్రాలు మైదానం పక్కగా కుంటుతూ పోతూ, మేం ఆడుతుంటే కాసేపు నిలబడి, మా కాళ్ల వైపు చూసి వెళ్లేది. ఆమె ఎత్తుకు తగ్గ సంబంధం దొరకలేదని వాళ్లూ వీళ్లూ జోకులు వేసేవారు. పెళ్లి చేసుకోలేదు. కడుపులో గడ్డ ఉందని తెలిసేటప్పటికే ఆలస్యమైంది. ఆస్పత్రిలో కూడా సీసాలో మిగిలిన నీళ్లు నా చేతికిచ్చి, "యాడన్నా చెట్టుకు పొయ్యి" అంది. నలభై నిండకుండానే పోయింది.

కర్మకాండ అయిన కొన్నాళ్లకు, ఆమె ఉద్యోగం తాలూకు కాగితాల పని మీద వాళ్ల నాయన గుంతకల్లు వచ్చాడు. వేలిముద్రలు వేయించి బయటికి తీసుకొచ్చాను. టీ తాగమంటే వద్దన్నాడు. "నా బిడ్డ ఆడిన తావు సూపిస్తావా పాపా?" అన్నాడు.

మైదానంలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. రింగు కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంతెత్తుకా ఏసేది?"

"అవును పెద్దనాయనా."

"నేను నేల సూసేది నేర్పిస్తి" అన్నాడు.

చూపు దించి నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు ఆ పాప రైలెక్కల్ల గదా? నువ్వూ వచ్చింటివే, ఆ పొద్దు."

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. సెలవిచ్చినారు అనె. సెలవుకు వచ్చే బిడ్డ కొత్త బూట్లు సంచిలో పెట్టుకోనొస్తాదా?" టువాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేను మాటిస్తి. నా మాట నమ్మలే ఆ పాప. నమ్మింటే పోయిండును. తప్పు నాదే పాపా, ఎన్నేండ్లు రాళ్లకు తిరిగితి, ఎట్ల నమ్ముతాది? ఆ పొద్దు నుంచీ ఒక్క వానకూ పోలేదు నేను. ఎప్పుడన్నా ఒకతూరి నమ్ముతాదేమోనని. వాన పడితే అయినా వస్తానే ఉండె. మోకాలు పోయినంకా వస్తానే ఉండె."

అబద్ధం చెబుదామనుకున్నాను. నమ్మింది పెద్దనాయనా, వేరే ఏదో పని ఉండి రైలు ఎక్కలేదు అని. నోరు రాలేదు. ఆమె నన్ను సాక్షి అంది. సాక్షి అబద్ధం చెప్పకూడదు.

"నమ్మలేదు, అది నిజమే" అన్నాను. "నమ్మకుండానే వచ్చింది. కానీ నిన్ను చేన్లో చూసింది. తిరిగి పోయేటప్పుడు బస్సులో మెడ బయటికి పెట్టి, చేను కనపడకుండా పోయేదాకా చూసింది. నాయన రాళ్లకు పోలేదు, ఊరంతా పోయినా పోలేదు, నువ్వే సాక్షి, అని నాతో అనింది. రైలు పోయిందని ఆ పొద్దు ఒక్క మాట అనలేదు పెద్దనాయనా. తర్వాతా అనలేదు."

"అట్లనా" అన్నాడు.

పిల్లలు వేసిన బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన ఒంగి తీసుకున్నాడు. టువాలుతో మట్టి తుడిచాడు. నెమ్మదిగా, అన్ని పక్కలా తిప్పి తుడిచాడు. తర్వాత రెండు చేతులతో పైకెత్తి, ఎండకు పట్టి చూశాడు. వజ్రమా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

ఆయన నా వైపు చూడలేదు. తల దించుకుని, నేల మీద నా కాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, బంతిని నా వైపు విసిరాడు. నా చేతులు తెరిచే ఉన్నాయి.